బస్సు గొంతు

మార్చి 4

ఇవాళ కొత్త పని మొదలైంది. కుర్రకారుకి ధ్యానం నేర్పే యాప్ అట. పరీక్షల భయం, ఉద్యోగాల భయం, నిద్ర పట్టకపోవడం, అన్నిటికీ తలా ఒక పాఠం. చెవుల్లో పెట్టుకుని కళ్లు మూసుకుంటే ఒక గొంతు ఊపిరి ఎలా తీసుకోవాలో చెబుతుంది. ఆ గొంతు నాది. ఊపిరి తీసుకోవడం కూడా ఒకళ్లు చెప్పాల్సి వస్తోందా అనుకున్నాను గానీ పైకి అనలేదు. పని పనే.

పాఠాలు రాసిన అమ్మాయికి మొహం కంటే కళ్లజోడు పెద్దది. అద్దం అవతల కూర్చుని వాక్యం వాక్యానికీ ఆపుతుంది. "మీ శ్వాసను యథాతథంగా గమనించండి" అని ఒక్క తప్పు లేకుండా చదివాను. మొహం చిట్లించింది. ఇంకోసారి అంది. ఆ ఇంకోసారి తర్వాత మళ్లీ ఇంకోసారి. నాకు ఒళ్లు మండింది. చివరికి మైకు నొక్కి నసుగుతూ చెప్పింది.

"ఏమీ అనుకోకండి మేడమ్. బస్సులో స్టాపు చెప్తున్నట్టుంది."

అనుకోవడానికేముంది, ఊళ్లో బస్సుల్లో స్టాపులు చెప్పేది నేనే. "తర్వాతి స్టాపు పెద్దాసుపత్రి. దిగవలసినవారు ముందు తలుపు వద్దకు రావలెను." అది రికార్డు చేసి ఏళ్లయింది. ఇప్పటికీ నేను కూరగాయల కొట్లో బేరమాడుతుంటే ఎవరో ఒకరు తల తిప్పి చూస్తారు. రికార్డిస్టు అప్పుడూ ఈయనే, పాత మనిషి. అద్దం వెనక ముసిముసిగా నవ్వుకుంటున్నాడు.

మీకు పిల్లలున్నారా అని కళ్లజోడు అడిగింది. ఉంటే వాళ్లతో మాట్లాడినట్టు చెప్పమంది. ఒక కూతురుందనీ హాస్టల్లో ఉండి డిగ్రీ చదువుతోందనీ చెప్పాను. ఊళ్లోనే ఇల్లుండగా హాస్టలెందుకని ఆ అమ్మాయి అడగలేదు. అడిగితే కాలేజీకి దగ్గరని చెప్పేదాన్ని. నిజమే కదా, దగ్గరే.

మార్చి 5

ఫోను చేశాను. ఎత్తలేదు. క్లాసులో ఉండుంటుంది.

మార్చి 7

దారి దొరికింది. కళ్లజోడు పాఠాలన్నిట్లో "మీరు" కొట్టేసి "నువ్వు" రాసుకొచ్చింది. గాజులు తీసి సంచీలో వేశాను. నెత్తి మీద లైటు తీసేయమన్నాను. కాగితం పక్కన పెట్టేసి, కళ్లు మూసుకుని, మా పిల్లని ఎదురుగా కూర్చోబెట్టుకున్నాను. మోకాళ్లు గుండెలకి ఆనించుకుని కూర్చుంటుందే, అలాగ.

"ఏం కంగారు లేదు. మెల్లగా ఊపిరి తీసుకో. అదీ, అలాగే. ఇప్పుడు వదులు నాన్నా," అన్నాను.

"నాన్నా" అన్నది కాగితంలో లేదు. నోరు జారింది. మళ్లీ చెబుతానన్నాను. అద్దం అవతల ఆ అమ్మాయి కళ్లజోడు తీసి పైటకొంగుతో తుడుచుకుంటోంది. అది అలాగే ఉండాలని, ఉండి తీరాలని పట్టుబట్టింది. మిగతా పాఠాల్లో కూడా అక్కడక్కడా పడనివ్వమంది.

ఉండనీ, నాకేం కొత్త మాట కాదు. మా పిల్లని పుట్టినప్పట్నుంచీ అలాగే పిలుచుకున్నాను.

చివర్లో రికార్డిస్టు అందర్నీ కదలకుండా కూర్చోమన్నాడు. ఉత్త గది చప్పుడు కాసేపు పట్టుకుంటాడు. మాటకీ మాటకీ మధ్య ఖాళీలో దాన్ని పోస్తాడు, లేకపోతే ఆ ఖాళీ చెవికి గుచ్చుకుంటుందట. ముగ్గురం ఊపిరి బిగబట్టి కూర్చున్నాం. నా కడుపు కుయ్యిమంది. మళ్లీ మొదలు. ఎందుకయ్యా ఈ యాతన, మా ఇంటికి రా, ఎంత కావాలంటే అంత పట్టుకెళ్లు అన్నాను. ఆయన నవ్వాడు. నేనూ నవ్వాను.

మార్చి 8

ఎత్తలేదు. మెసేజి పెట్టాను. చూసినట్టు గుర్తు పడింది. చూసింది కదా, చాలు.

మార్చి 15

యాప్ జనంలోకి వెళ్లింది. కళ్లజోడు ఫోను చేసి ఊపిరాడకుండా చెప్పుకుపోయింది. పిల్లలు దాన్ని "నాన్నా పాఠం" అంటున్నారట. ఎవరో ఇంటర్వ్యూకి వెళ్లే ముందు మెట్ల మీద కూర్చుని విన్నారట. ఎవరికో పరీక్ష హాల్లో చేతులు వణకడం తగ్గిందట. ఒకరైతే, ఆంటీ, ఇంకోసారి నాన్నా అనండి అని రాశారట. నేను గాల్లో తేలిపోయాను. నా గొంతు బాగుందని అన్నవాళ్లు చాలామంది ఉన్నారు. నా గొంతుతో పని పడిందని అన్నవాళ్లు లేరు.

ఫోను పెట్టేశాక ఎవరికైనా చెప్పాలనిపించింది. గోడ మీద మా ఆయన ఫొటోకి చెప్పాను. ఆయన ఉంటే పడీ పడీ నవ్వేవారు. వంటింట్లో నిలబడి తిని, కంచం కడిగేశాను. ఒక్క కంచం కడగడానికి ఎంతసేపు.

మార్చి 16

ఊరి పిల్లలకి పనికొచ్చింది కదా, నాకూ పనికొస్తుందేమో అని ఇవాళ నేనే విన్నాను. కుర్చీలో నిటారుగా కూర్చుని కళ్లు మూసుకున్నాను. రెండో వాక్యంలో "భ" అన్నప్పుడు గాలి మైకుకి కొట్టుకుంది, నాలుగో దాంట్లో గుటక వినబడింది. ఊపిరి సంగతి దేవుడెరుగు, తప్పులు లెక్కపెట్టుకుంటూ కూర్చున్నాను. తర్వాత నా గొంతు నన్నే నాన్నా అంది. కట్టేశాను.

మార్చి 17

మా పిల్ల ఇల్లు వదిలి వెళ్లిపోయిన రోజు గురించి రాద్దామని కూర్చున్నాను. రాయడానికి పెద్దగా ఏం లేదు. పరీక్ష ఉన్న రోజు పొద్దున్నే మంచం మీంచి లేవలేదు. ఊపిరాడట్లేదమ్మా అంది. నుదురు పట్టి చూశాను, జ్వరం లేదు. లేచి మొహం కడుక్కో, బయల్దేరే టైము అవుతోంది అన్నాను. ఏ తల్లయినా అనేదే. నేను అరవలేదు. ఒక్క మాట గట్టిగా అనలేదు. ఎంత నిదానంగా, ఎంత స్పష్టంగా చెప్పానో గోడలనడిగినా చెబుతాయి.

"ఇంట్లో కూడా అనౌన్స్‌మెంటేనా అమ్మా," అంది. సాయంత్రానికి సంచీ సర్దుకుంది.

కాలేజీకి దగ్గర. అంతే.

మార్చి 21

ఈ యాప్‌లో పిల్లలు అసలు పేర్లు పెట్టుకోరు. ఏదో ఒక జంతువు పేరు ఎంచుకుంటారు. ఎవరు ఎవరో కంపెనీ వాళ్లకి కూడా తెలియదు. కళ్లజోడు ఇవాళ ఒక మెసేజి పంపి, మేడమ్, దీనికి ఏం జవాబివ్వాలో తోచట్లేదు అంది. రాసినవాళ్ల పేరు ఉడుత. ఇక్కడ ఎక్కించుకుంటున్నాను.

"పాఠాలన్నీ బాగున్నాయి. నాన్నా అన్న చోటికి వచ్చేసరికి మాత్రం ఆపేస్తున్నాను. ఏడుపొస్తోంది. ఇప్పుడు నన్ను అలా పిలిచేవాళ్లు లేరు. ఆ మాట లేకుండా ఒకటి చెప్తారా? ఈసారి పరీక్ష రాయట్లేదని ఇంట్లో ఇంకా చెప్పలేదు."

చదివాను, కిటికీ దగ్గరికి వెళ్లాను, వచ్చి మళ్లీ చదివాను. మా పిల్ల చిన్నప్పుడు బీరువా ఎక్కి కూర్చుని దిగనని మొండికేసేది. ఉడుత కాక ఇంకేం పేరు పెట్టుకుంటుంది? నా ఫోను ఎత్తదు గానీ నా గొంతు వింటోంది. విని ఏడుస్తోంది. పిచ్చిది.

మార్చి 22

ఉడుత. పేరు బాగుంది.

మార్చి 24

ఉడుత కోసం ప్రత్యేకంగా ఒక పాఠం రికార్డు చేశాను. రాసింది కూడా నేనే. నాన్నా అన్న మాట ఎక్కడా లేదు. "భయమేసినప్పుడు నీలం తువ్వాలు నెత్తిన కప్పుకుని మంచం కింద దూరేదానివే, ఇప్పుడు కూడా అలా దూరిపో, ఎవరూ పిలవరు. అక్కడే మెల్లగా ఊపిరి తీసుకో" అని మొదలుపెట్టాను. పరీక్ష రాయకపోతే కొంపలేం మునగవన్నాను. ఇంట్లో చెప్పెయ్, ఎవరూ ఏమీ అనరు అన్నాను. చెబుతుంటే గొంతు బొంగురుపోయింది. రికార్డిస్టు ఆపలేదు.

కళ్లజోడు సందేహించింది. తువ్వాలు సంగతి అందరికీ అర్థమవుతుందా అంది. దూరేదానివే అంటే వినేది మగపిల్లలైతే ఎలా అని కూడా అంది. "దూరినట్టు" అని మార్చుకోమన్నాను, తువ్వాలు మాత్రం కదపొద్దన్నాను. అర్థమవాల్సినవాళ్లకి అర్థమవుతుంది. నా మొహం చూసి సరేనంది.

మార్చి 25

దాని గది దులిపాను. దుప్పటి మార్చాను. ఫ్యాను రెక్కలు తుడిచాను. కిటికీ రెక్క బిగుసుకుపోతే నూనె వేశాను. నీలం తువ్వాలు బీరువా అడుగున దొరికింది. ఒక అంచు చిరిగింది. ఉతికి ఆరేశాను.

మార్చి 26

రాలేదు. ఇంకా విని ఉండదు.

మార్చి 28

ఈపాటికి విని ఉంటుంది. వినగానే రావాలనేముంది. దానికి ముక్కు మీద కోపం, కాస్త బెట్టు చేస్తుంది. నేను ఫోను చేయడం మానేశాను, చేస్తే మళ్లీ బిగుసుకుంటుంది. వీధి తలుపు గడియ పెట్టకుండా కూర్చుంటున్నాను.

మార్చి 30

ఉడుత జవాబు వచ్చింది.

"ఆంటీ, విన్నాను. తువ్వాలు గొడవ నాకర్థం కాలేదు గానీ కొంపలేం మునగవు అన్నది బాగుంది. మా నాన్నకి చెప్పేశాను. అమ్మ పోయాక మేమిద్దరం సరిగ్గా మాట్లాడుకున్నది లేదు. తిడతాడనుకున్నాను. ఒరేయ్, ముందు తిను, తర్వాత చూద్దాం అన్నాడు."

ఒరేయ్.

మన భాషలో "నేను రాయను" అంటే రాయనిది ఆడో మగో తెలిసి చావదు. నాకు నచ్చినట్టు నేను చదువుకున్నాను. ఇన్ని రోజులూ కట్టుకున్నదంతా ఒక్క అక్షరం దగ్గర కూలిపోయింది. ఆ "రే" బదులు "సే" ఉంటే ఎవరి సొమ్మేం పోయేది?

తల్లి లేని పిల్లాడు. వాళ్ల నాన్నతో కలిసి తింటున్నాడు. సంతోషమే, నిజంగానే సంతోషం. రాస్తుంటే సంతోషం అని రెండుసార్లు పడింది, ఉండనీ. మా ఇంట్లో మాత్రం దుప్పటి మడత నలగలేదు. తువ్వాలు తీగ మీదే ఉంది, ఎప్పుడో ఆరిపోయింది.

మరి నా కూతురు ఎవరి మాట వింటోంది? అసలు ఏమైనా వింటోందా?

మార్చి 31

ఉండబట్టలేక మధ్యాహ్నం హాస్టలుకి వెళ్లాను. ఏ మొహం పెట్టుకుని వెళ్లాలా అని ఇన్నాళ్లూ ఆగాను, ఆ మొహమే పెట్టుకుని వెళ్లాను. వార్డెన్ ఆవిడ గేటు పక్క గదిలో కూర్చుని భోజనం కూపన్లు చింపుతోంది. ఫలానా అమ్మాయి తల్లినని చెప్పగానే కుర్చీ లాగింది. పిల్ల క్లాసులకి వెళ్లట్లేదట. ఎవరి జోలికీ పోదట. పగలంతా పడుకుని, సాయంత్రం అవగానే బస్సెక్కి వెళ్లి చీకటి పడేసరికి వస్తుందట.

"మీ ఇంటికే వస్తోంది కదండీ అని నేను కంగారుపడలేదు," అంది.

"అవునండీ, వస్తోంది," అన్నాను. ఎందుకన్నానో నాకే తెలియదు. చాలా స్పష్టంగా అన్నాను.

బయటికొచ్చి, సాయంత్రం దాకా స్టాపులో స్తంభం చాటున నిలబడ్డాను, దొంగలాగా. రోజూ ఎక్కడికి వెళుతోంది? ఎవరి కోసం? ఆలోచించకూడనివన్నీ ఆలోచించాను. ఊరి పిల్లలకి కంగారు లేదని చెప్పినదాన్ని, నాకు ఒక్క ఊపిరి సరిగ్గా అందలేదు.

వచ్చింది. చిక్కిపోయింది. జుట్టు దువ్వుకోలేదు. నన్ను చూడలేదు. బస్సు రాగానే ముందు తలుపున ఎక్కింది, నేను వెనక తలుపున ఎక్కాను. నేరుగా వెళ్లి డ్రైవరు వెనక, స్పీకరు కింద, కిటికీ పక్కన కూర్చుంది. మోకాళ్లు సీటు మీదికి లాక్కుని గుండెలకి ఆనించుకుంది. కాలేజీ పిల్లలతో బస్సు కిటకిటలాడుతోంది. అందర్నీ తోసుకుంటూ దాని సీటు వెనక దాకా చేరాను. నాకు తెలిసినంత మెత్తగా, స్టూడియోలో అన్నట్టే అన్నాను.

"నాన్నా."

అది కదల్లేదు. పక్క సీట్లో ఒక అబ్బాయి తల ఎత్తి చూశాడు. రాడ్డు పట్టుకుని నిలబడ్డ అమ్మాయి చెవిలోంచి తీగ పీకి నావైపు తిరిగింది. ఇంకా వెనకెవరో తిరిగారు. ఎవరెవరి పిల్లలో నా మొహంలోకి చూస్తున్నారు, నా పిల్ల మాత్రం కిటికీలోంచి వీధి చూస్తోంది. నాకు తల తీసేసినట్టయింది. ఆ సిగ్గుకో, కడుపు మంటకో, నోట్లోంచి వచ్చేసింది.

"ఒసేయ్."

తిరిగింది. గిరుక్కున తిరిగింది. నన్ను చూసి కళ్లు పెద్దవి చేసింది.

"జరుగు," అన్నాను. జరిగింది.

పక్కన కూర్చున్నాను. తర్వాత నేనే, నాన్నా అంటే పలకవేం, చిన్నప్పట్నుంచీ అలాగే పిలిచాను కదా అన్నాను. అది నన్ను వింతగా చూసింది.

"నువ్వెప్పుడు పిలిచావమ్మా? అది నాన్న పిలుపు. నువ్వు ఒసేయ్ అనేదానివి. నాన్న పోయాక అది కూడా మానేశావు. పేరు పెట్టి పిలవడం మొదలుపెట్టావు, హాజరు తీసుకుంటున్నట్టు."

కాదనబోయాను. ఆయన వీధి గుమ్మంలో చెప్పులు విడుస్తూ నాన్నా అని కేకేయడం, ఇది ఎక్కడున్నా పరుగెత్తుకు రావడం గుర్తొచ్చింది. వంటింట్లోంచి రోజూ వినేదాన్ని. విని విని నా మాటే అనుకున్నాను.

యాప్ విన్నావా అని అడిగాను. హాస్టల్లో అందరూ వింటారంది. అదీ ఒకసారి విన్నదట. "ఎవరో చాలా మంచావిడ అనిపించింది. నాకు తెలీదావిడ," అంది. వెక్కిరింపు కాదు, మామూలుగానే అంది. అందుకే ఎక్కువ నొప్పెట్టింది.

"మరి రోజూ ఈ బస్సులో ఎక్కడికే వెళ్లేది?"

"ఎక్కడికీ లేదు. చివరి దాకా వెళ్లి, మళ్లీ ఇదే బస్సులో వచ్చేస్తాను."

ఎందుకని అడిగేలోపు మా నెత్తి మీద స్పీకరు గరగరమంది. తర్వాతి స్టాపు పాత మార్కెట్టు. దిగవలసినవారు ముందు తలుపు వద్దకు రావలెను. అది వేలు పైకెత్తి చూపించింది.

"ఇది నువ్వు. తర్వాత ఏమొస్తుందో చెప్తావు. చెప్పిందే వస్తుంది. ఇక్కడ కూర్చుంటే నాకు ఊపిరాడుతుందమ్మా."

నేను ఏడ్చాను. ముక్కు చీదుకుంటూ, నలుగురూ చూస్తుండగా ఏడ్చాను. నా భుజానికి ఆనిన భుజం అది తీయలేదు.

తర్వాతి స్టాపు నీళ్ల ట్యాంకు అని నేనే చెప్పాను, పైనుంచి. అది మా స్టాపు. బస్సు ఆగింది. కిటికీలోంచి మా మేడ కనబడింది, తీగ మీద నీలం తువ్వాలు కూడా. అదీ చూసింది. దిగుదాం పద, దుప్పటి మార్చాను, ఎవరూ ఏమీ అనరు అని అనాలని నాలుక చివరిదాకా వచ్చింది. ఉడుతకి ఎంత తేలిగ్గా చెప్పాను. దాని చేతివేళ్లు సీటు అంచు గట్టిగా పట్టుకుని ఉన్నాయి. నేను నోరు మూసుకుని కూర్చున్నాను. తలుపు మూసుకుంది. బస్సు కదిలాక ఆ వేళ్లు వదులయ్యాయి.

చివరి స్టాపులో అందరూ దిగిపోయారు. ఇది చివరి స్టాపు, ప్రయాణికులందరూ దిగవలెను అంది నా గొంతు. అందరూ దిగాలట అంది మా పిల్ల, కదలకుండా. కండక్టరు టిక్కెట్ల సంచీ సర్దుకుంటూ వచ్చాడు.

"ఈ అమ్మాయి దిగదు లెండి, రోజూ ఇంతే. మీరు దిగండమ్మా."

"నేనూ దిగను బాబూ. వాళ్లమ్మని," అన్నాను.

అతను నన్ను చూశాడు. తల ఎత్తి స్పీకరు చూశాడు. మళ్లీ నన్ను చూశాడు. మా పిల్ల కిటికీ వైపు తిరిగి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వింది.

తిరుగు దారిలో హాస్టలు దగ్గర అది దిగిపోయింది. నేను ఒక్కదాన్నే ఇంటికి వచ్చాను.

ఏప్రిల్ 1

ఇంట్లో ఎప్పటి చప్పుడే. కళ్లజోడు ఫోను చేసి కొత్త పాఠాలకి తేదీ అడిగింది. పొద్దున పూటయితే వస్తానన్నాను, సాయంత్రాలు కుదరదన్నాను.

తర్వాత దానికి ఫోను చేశాను. ఎత్తింది. "ఒసేయ్," అన్నాను.

"కిటికీ పక్క సీటు నాదే," అంది.